గ్రంథాలయానికి సినిమా కొనడమంటే

ప్రియమైన మిత్రమా,

నీ ఉత్తరం అందింది. మీ కళాశాల గ్రంథాలయంలో సినిమాలకూ డాక్యుమెంటరీలకూ ఒక విభాగం తెరవడానికి యాజమాన్యం ఒప్పుకున్నదని చదివి ఎంతో సంతోషించాను. పుస్తకం కొనడానికే పది సంతకాలు అడిగే రోజుల్లో సినిమాకు డబ్బు కేటాయించడం మామూలు విషయం కాదు. అయితే, "కళాశాల పేరున ఒక నెట్‌ఫ్లిక్స్ చందా కట్టి, సెమినార్ హాల్లో ప్రొజెక్టర్ పెడితే సరిపోదా?" అన్న నీ ప్రశ్నకు మాత్రం మొదటే జవాబు చెప్పాలి. సరిపోదు. ఆ చందా ఒక వ్యక్తి తన ఇంటివారితో కలిసి సొంతంగా చూసుకోవడానికి ఇచ్చేది. తాము నిర్మించిన కొన్ని డాక్యుమెంటరీలను విద్యాసంస్థలు ఒకసారి ప్రదర్శించుకోవచ్చని ఆ కంపెనీ అనుమతిస్తుంది కానీ, ఆ అనుమతితో ఒక విభాగాన్ని నిర్మించలేము.

ఇక్కడ అమెరికాలో విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి సినిమాలు సేకరించే ఉద్యోగంలో నేను గమనించినది ఏమిటంటే, బీరువాలోకి వచ్చే వస్తువు కంటే దానితో పాటు వచ్చే అనుమతి ముఖ్యం. ఎవరికి చూపించవచ్చు, ఎక్కడ చూపించవచ్చు, ఎన్నేళ్లు చూపించవచ్చు అన్నదాన్ని బట్టి ఒకే సినిమా ధర ఇరవై అయిదు డాలర్లు కావచ్చు, మూడు వందల డాలర్లూ కావచ్చు. మన సినిమా వ్యాపారం ఎరిగినవాడివి కనుక నీకు ఇది సులభంగానే అర్థమవుతుంది. నైజాం, సీడెడ్, ఆంధ్ర, ఓవర్సీస్ అంటూ ఒకే సినిమా హక్కులను ముక్కలుగా అమ్మడం మనకు తెలిసినదే కదా. విద్యాసంస్థల హక్కు కూడా అటువంటి మరో ముక్క. ఎవరి దగ్గర ఉందో వెతికి పట్టుకోవడమే మా పనిలో సగం.

ముందు డిస్కు సంగతి చెబుతాను, ఎందుకంటే అది అన్నిటికంటే నిక్కమైనది. అమెరికా కాపీరైటు చట్టంలోని సెక్షన్ 109 ప్రకారం, న్యాయంగా తయారైన ప్రతిని ఒకసారి కొన్న తరువాత దానిని మళ్లీ అమ్ముకునే, అరువిచ్చే హక్కు కొన్నవారిదే. అందువల్ల దుకాణంలో దొరికే మామూలు డీవీడీని కొని, దాని మీద "గృహ వినియోగానికి మాత్రమే" అని ముద్రించి ఉన్నా సరే, గ్రంథాలయం పాఠకులకు అరువివ్వవచ్చు. సెక్షన్ 110(1) మరో మేలు చేస్తుంది. లాభాపేక్ష లేని విద్యాసంస్థలో, అధ్యాపకుడూ విద్యార్థులూ ఎదురెదురుగా ఉన్న తరగతిలో, పాఠంలో భాగంగా అదే డిస్కును మొదటి నుంచి చివరి దాకా వేసి చూపించవచ్చు. ప్రత్యేక రుసుము అవసరం లేదు. ప్రతి మాత్రం దొంగది కాకూడదు.

చిక్కు తరగతి గది దాటగానే మొదలవుతుంది. శుక్రవారం సాయంత్రం ఫిల్మ్ క్లబ్బు వాళ్లు అదే డిస్కును అదే గదిలో వేసి, ఊళ్లో వాళ్లను కూడా రమ్మన్నారనుకో, అది పాఠం కాదు, బహిరంగ ప్రదర్శన. టిక్కెట్టు పెట్టకపోయినా అంతే. దానికి బహిరంగ ప్రదర్శన హక్కు విడిగా తీసుకోవాలి. హాలీవుడ్ స్టూడియోల చిత్రాలకు స్వాంక్ వంటి సంస్థలు ఒక్కో ప్రదర్శనకో, ఏడాది మొత్తానికో ఆ హక్కును అమ్ముతాయి. చిన్న డాక్యుమెంటరీ పంపిణీదారులైతే డిస్కు ధరలోనే దానిని కలిపేస్తారు. అందుకే ఇంటి కోసమైతే ముప్ఫై డాలర్లకు దొరికే చిత్రం సంస్థకు రెండు మూడు వందలు పలుకుతుంది.

ఈ ధర చూసి మా దగ్గర కొత్తగా చేరినవాళ్లు గుండెలు బాదుకుంటారు. నేను మాత్రం ఆ పంపిణీదారుల పక్షమే మాట్లాడతాను. న్యూ డే ఫిల్మ్స్ అనే సంస్థను 1971లో స్త్రీవాద దర్శకులు కొందరు సహకార పద్ధతిలో ప్రారంభించారు, ఎందుకంటే వాళ్ల చిత్రాలను పంపిణీ చేయడానికి అప్పట్లో ఎవరూ ముందుకు రాలేదు. ఈనాటికీ అందులో సభ్యులైన దర్శకులే తమ చిత్రాలను తామే అమ్ముకుంటారు. అటువంటి చిత్రాలకు థియేటరు లేదు, టీవీలో పెద్ద వేలంపాటలూ లేవు. విశ్వవిద్యాలయాలూ గ్రంథాలయాలే వారికి ప్రధానమైన కొనుగోలుదారులు. మేము ఇచ్చే మూడు వందల డాలర్లలోంచే వారి తరువాతి చిత్రానికి కొంత సొమ్ము చేరుతుంది. అదే ఒక పెద్ద స్టూడియో ఇరవై ఏళ్ల నాటి వినోద చిత్రానికి ఏటేటా రుసుము అడిగితే మాత్రం నేను బేరమాడకుండా వదలను.

ఇప్పుడు అసలు తలనొప్పి గురించి రాస్తాను, అదే స్ట్రీమింగ్. అధ్యాపకులకు డిస్కు మీద మోజు ఎప్పుడో పోయింది. విద్యార్థుల ల్యాప్‌టాప్‌లలో డిస్కు పెట్టుకునే చోటే లేదు. 2020లో తరగతులన్నీ ఆన్‌లైన్‌కు మారిపోయినప్పుడు మా బీరువాల్లోని వేలాది డిస్కులు ఎందుకూ కొరగాకుండా పోయాయి, ఎందుకంటే ఎదురెదురుగా ఉన్న తరగతికి ఇచ్చిన మినహాయింపు దూరవిద్యకు వర్తించదు. దూరవిద్య కోసం 2002లో తెచ్చిన టీచ్ చట్టం కూడా ఇటువంటి చిత్రాలలోంచి పరిమితమైన భాగాలను చూపించడానికే ఒప్పుకుంటుంది. పూర్తి సినిమా కావాలంటే లైసెన్సు కొనవలసిందే.

సొంత పొలానికీ కౌలు పొలానికీ ఎంత తేడా ఉందో డిస్కుకూ స్ట్రీమింగ్‌కూ అంత తేడా ఉంది. ఎక్కువ లైసెన్సులు ఏడాదికో మూడేళ్లకో ఇస్తారు, గడువు తీరగానే ఆ చిత్రం మా కేటలాగులోంచి మాయమవుతుంది. కనోపీ అనే సంస్థ ప్రవేశపెట్టిన పద్ధతిని ఉదాహరణగా చెబుతాను. వేలకొద్దీ చిత్రాలను గ్రంథాలయం ముందు తెరిచి పెడతారు, అప్పటికి రుసుము ఏమీ ఉండదు. ఏదైనా ఒక చిత్రాన్ని విద్యార్థులు నాలుగుసార్లు, ప్రతిసారీ ముప్ఫై సెకన్లకు మించి చూస్తే, ఏడాది లైసెన్సు దానంతట అదే కొన్నట్టు లెక్క, బిల్లు కొన్నేళ్ల క్రితం సుమారు నూట యాభై డాలర్లు ఉండేది. వినడానికి న్యాయంగానే ఉంది, ఎవరూ చూడనిదానికి డబ్బు కట్టనక్కరలేదు. కానీ ఒక ప్రొఫెసరు వంద మంది ఉన్న తరగతికి పది చిత్రాలను హోంవర్కుగా ఇస్తే ఏం జరుగుతుందో ఊహించుకో. వాడకం పెరిగిన కొద్దీ ఖర్చు పెరిగే ఏర్పాటులో బడ్జెట్ వేయడం గాలిలో లెక్కలు వేయడమే. ప్రజా గ్రంథాలయాలకు చూసినప్పుడల్లా రుసుము చెల్లించే పద్ధతి ఉండేది. ఆ ఖర్చు భరించలేక న్యూయార్క్ నగరంలోని మూడు ప్రజా గ్రంథాలయ వ్యవస్థలూ 2019 జూలై 1 నుంచి కనోపీని వదులుకున్నాయి. తరువాత 2021లో, గ్రంథాలయాలకు ఈ-పుస్తకాలు అందించే ఓవర్‌డ్రైవ్ ఆ సంస్థను కొనేసింది.

అందుకే నేను వీలైన చోట ఒక్కో చిత్రానికి డిజిటల్ సైట్ లైసెన్సు అడుగుతాను. పంపిణీదారు ఫైలు ఇస్తాడు, మేము మా సర్వర్‌లో పెట్టుకుంటాము, లాగిన్ ఉన్న విద్యార్థులూ అధ్యాపకులూ చూస్తారు. కొందరు దానిని "ఫైలు ఉన్నంత కాలం" అనే గడువుతో ఇస్తారు, అది దొరికితే రెట్టింపు ధరైనా నాకు అభ్యంతరం ఉండదు. ఫైలు పాడైతే మళ్లీ ఇస్తారా, సర్వర్ మార్చినప్పుడు రూపం మార్చుకోవచ్చా అన్నవి కాగితం మీద రాయించుకోవాలి. క్యాప్షన్ల మాట, అంటే వినిపించే మాటలను తెర మీద చూపించే అక్షరాల మాట, మరచిపోవద్దు. ఇక్కడ హార్వర్డ్, ఎంఐటీల మీద బధిరుల జాతీయ సంఘం 2015లో దావా వేసిన తరువాత క్యాప్షన్లు లేని వీడియోను కొనడానికి ఏ విశ్వవిద్యాలయమైనా జంకుతుంది. మీ దగ్గర చట్టం ఎలా ఉన్నా, తెలుగు మాధ్యమం నుంచి వచ్చిన పిల్లలకు ఇంగ్లీషు డాక్యుమెంటరీ అర్థం కావాలంటే అక్షరాలు కళ్ల ముందు కదలాలి.

"డిస్కు మన దగ్గర ఉండగా దానినే కాపీ చేసి కళాశాల నెట్‌వర్క్‌లో పెడితే ఏమవుతుంది?" అని నీకు అనిపించి ఉంటుంది. లాస్ ఏంజిలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ఆ పనే చేసింది. దాని మీద విద్యా వీడియోల నిర్మాతల సంఘమూ, ఆంబ్రోజ్ వీడియో అనే పంపిణీ సంస్థా కలిసి 2010 డిసెంబరులో దావా వేశాయి. 2011లో ఒకసారి, సవరించిన ఫిర్యాదును 2012లో మరోసారి న్యాయస్థానం కొట్టివేసింది. మా వాళ్లలో కొందరు దానిని పెద్ద విజయంగా చెప్పుకుంటారు గానీ, ఆ తీర్పు చాలావరకు రాష్ట్ర ప్రభుత్వ విశ్వవిద్యాలయం మీద దావా వేయనివ్వని చట్టపరమైన రక్షణ మీదా, సంఘానికి దావా వేసే అర్హత లేకపోవడం మీదా నిలబడింది. ప్రైవేటు కళాశాలకు ఆ కవచం లేదు. నేనైతే దాని మీద ఆధారపడను.

వీహెచ్ఎస్ టేపుల విషయంలో మాత్రం చట్టం కొంచెం దయ చూపింది. సెక్షన్ 108 ప్రకారం ప్రతి చెడిపోతున్నా, దానిని ఆడించే యంత్రం మార్కెట్లో దొరకకపోయినా, సరైన ధరకు కొత్త ప్రతి కోసం వెతికి దొరకలేదని తేలిన తరువాత గ్రంథాలయం మూడు ప్రతుల వరకు చేసుకోవచ్చు. డిజిటల్ ప్రతిని మాత్రం గ్రంథాలయ ఆవరణ దాటించకూడదు. ఆ టేపులను ఆడించే వీసీఆర్‌లు తయారుచేస్తున్న చివరి కంపెనీ అయిన జపాన్‌లోని ఫునాయ్ 2016 జూలైలో ఉత్పత్తి ఆపేసింది కనుక ఈ సెక్షన్ ఇప్పుడు మాకు నిత్యావసరమైంది.

తెలుగు సినిమాల సంగతి అడిగావు. భారతీయ చట్టంలో సినిమా కాపీరైటు విడుదలైన మరుసటి సంవత్సరం నుంచి లెక్కిస్తే అరవై ఏళ్లు. 1957లో వచ్చిన మాయాబజార్ మీద చిత్రంగా ఉన్న హక్కు 2017 చివరితో మన దేశంలో ముగిసింది. అదే సినిమాకు ఇక్కడ 2052 చివరి దాకా రక్షణ ఉంది, ఎందుకంటే 1996 జనవరి 1 నాటికి స్వదేశంలో కాపీరైటు ఉన్న విదేశీ చిత్రాలకు అమెరికా విడుదల నుంచి 95 ఏళ్లు ఇచ్చింది. అంటే శశిరేఖ మీ ఊళ్లో స్వేచ్ఛగా తిరుగుతుంది, మా ఊళ్లో ఇంకా గడప దాటకూడదు! నువ్వూ తొందరపడకు. మాటలూ పాటలూ రాసిన పింగళి నాగేంద్రరావు గారు 1971లో కన్నుమూశారు. రచనకు రచయిత మరణానంతరం అరవై ఏళ్లు కనుక ఆ లెక్క 2031 చివరి దాకా సాగుతుంది. 2010లో వచ్చిన రంగుల ప్రతిని పాత నలుపు తెలుపు చిత్రంతో ఒకే గాటన కట్టవద్దు. కొత్త సినిమాలకు శాటిలైట్ హక్కులూ ఓటీటీ హక్కులూ ఎవరివో చెప్పేవాళ్లు ఉన్నారు గానీ, గ్రంథాలయానికి లైసెన్సు కావాలని అడిగితే నేను ఫోను చేసిన నిర్మాతల కార్యాలయాలలో అది ఏమిటని నన్నే ఎదురు అడిగారు.

మీకు మాత్రం మన చట్టంలో నాకు ఇక్కడ అసూయ పుట్టించే వెసులుబాటు ఒకటి ఉంది. సెక్షన్ 52(1)(జె) ప్రకారం విద్యాసంస్థ కార్యక్రమాలలో భాగంగా సినిమాను ప్రదర్శించవచ్చు, ప్రేక్షకులు సిబ్బంది, విద్యార్థులు, వారి తల్లిదండ్రులు, సంరక్షకులు, సంస్థ కార్యక్రమాలతో సంబంధం ఉన్నవారు అయితే చాలు. తరగతి గది అనే నిబంధన లేదు, కనుక మీ ఫిల్మ్ క్లబ్బు విద్యార్థులకే పరిమితమైతే నిశ్చింతగా నడవవచ్చు. అరువివ్వడం గురించి ఒకప్పుడు పరిస్థితి కఠినంగా ఉండేది. సినిమా ప్రతిని అంతకుముందు ఎన్నిసార్లు అమ్మినా, అద్దెకిచ్చే హక్కు నిర్మాత దగ్గరే ఉంటుందని పాత చట్టం చెప్పింది. అమెరికాలో కొన్న డీవీడీలను తెచ్చి ఢిల్లీలో అద్దెకిస్తున్న వ్యక్తి మీద వార్నర్ బ్రదర్స్ వేసిన దావాలో ఢిల్లీ హైకోర్టు 2009లో ఆ ప్రకారమే తీర్పు ఇచ్చింది. 2012 సవరణ వచ్చాక, న్యాయంగా సంపాదించిన ప్రతిని లాభాపేక్ష లేని గ్రంథాలయమో విద్యాసంస్థో లాభాపేక్ష లేకుండా అరువిస్తే అది వాణిజ్యపరమైన అద్దె కిందికి రాదని సెక్షన్ 2(ఎఫ్ఎ) స్పష్టం చేసింది. మీ కళాశాల ఏ సొసైటీ కిందో ట్రస్టు కిందో నమోదైందో ఆ పత్రం నకలు ఒకటి నీ ఫైలులో పెట్టుకో, దానితో పాటు ప్రతి డిస్కుకూ ఇన్వాయిస్ ఉంచుకో. న్యాయంగా సంపాదించామని చూపించడానికి అంతకంటే గట్టి సాక్ష్యం ఉండదు.

ఇక నువ్వు మొదట ఏం కొనాలి? నా మాట వింటే, ఈ ఏడాది డబ్బులో ఎక్కువ భాగం డిస్కులకే పెట్టు. అమెరికాలో బెస్ట్ బై వంటి పెద్ద దుకాణాల సంస్థే 2024లో వాటిని అమ్మడం మానేసింది. దొరుకుతున్నప్పుడు కొనుక్కోవడం మేలు. డీవీడీలకూ ప్లేయర్లకూ అమ్మే ప్రాంతాన్ని బట్టి ఒక రీజియన్ సంఖ్య ఉంటుంది, రెండూ కలవకపోతే డిస్కు ఆడదు. ఇక్కడి డీవీడీలు రీజియన్ 1, మీ ప్లేయర్లు రీజియన్ 5 కనుక అన్ని రీజియన్లనూ ఆడించే ప్లేయరు ఒకటి ముందే చూసుకో. మిగిలిన సొమ్ముతో అధ్యాపకులు ఏటా పాఠంలో తప్పక వాడే డాక్యుమెంటరీలకు మాత్రమే, దర్శకుడితో నేరుగా మాట్లాడి, స్ట్రీమింగ్ లైసెన్సు తీసుకో. మన దేశంలో స్వతంత్ర దర్శకులు చాలామంది ఉత్తరం రాస్తే జవాబిస్తారు, ధర కూడా మాట్లాడుకోవచ్చు.

అధ్యాపకులు ఇచ్చిన చిత్రాల జాబితా నాకు పంపు. వేటికి ఇక్కడ పంపిణీదారులు ఉన్నారో గుర్తుపెట్టి పంపుతాను. ఏదైనా ఒప్పంద పత్రం వచ్చి ఉంటే సంతకం పెట్టకముందే దాని నకలు కూడా జత చేయి. ఇంట్లో అందరినీ అడిగానని చెప్పు.

ఇట్లు,
నీ మిత్రుడు