గేటు బయట గడిచిన గంటలు ఎవరి లెక్క? కేంద్ర రవాణా మంత్రి గారికి ఒక ట్రైలర్ డ్రైవర్ బహిరంగ లేఖ

కేంద్ర రోడ్డు రవాణా శాఖ మంత్రి గారికి,

చెన్నై మాధవరం నుంచి ఒక ట్రైలర్ డ్రైవర్ నమస్కరించి రాసుకుంటున్నది.

అయ్యా, మాది ప్రకాశం జిల్లా. పంతొమ్మిదేళ్ళ వయసులో క్లీనర్‌గా చెన్నై వచ్చాను. ఇప్పుడు నాకు నలభై ఆరు. ఓపెన్ ట్రైలర్ నడుపుతాను. మా ఓనరుకు నాలుగు బళ్ళు, డ్రైవర్లం నలుగురం. ఆఫీసంటే ఒక గది, ఒక బల్ల, గోడకు వెంకటేశ్వరస్వామి పటం. వైజాగ్ నుంచి స్టీలు కాయిల్స్, అంటే రేకు చుట్టలు తెస్తాం. ఇటునుంచి ఇనుప యాంగిల్సో, పైపులో, మెషినరీయో ఏది దొరికితే అది వేసుకుని పోతాం.

మా గురించి మీరు చెప్పేవి వింటూనే ఉన్నాను. విమానాల పైలట్లకు ఉన్నట్టు లారీ డ్రైవర్లకూ పనిగంటలు ఉండాలన్నారు. కునుకు వస్తే పసిగట్టే సెన్సర్ పెట్టాలన్నారు. 2025లో కొత్త లారీలకు ఏసీ క్యాబిన్ తప్పనిసరి చేశారు. అన్నీ మంచివే, కాదనను. కానీ మా నిద్ర ఎక్కడ పోతోందో మీకు ఎవరూ చెప్పినట్టు లేదు. నా మటుకు నాకు అది రోడ్డు మీద కంటే ఫ్యాక్టరీ గేటు బయటే ఎక్కువ పోతోంది.

పోయిన నెల సంగతి చెప్తాను. వైజాగ్‌లో కాయిల్స్ ఎక్కించుకుని, ఎనిమిది వందల కిలోమీటర్లు రెండు రాత్రులు నడిపి, మూడో రోజు తెల్లవారుజామున నాలుగింటికి ఒక ఫ్యాక్టరీ ముందు ఆపాను. పేరు ఎందుకులెండి, ఈ పని వాళ్ళొక్కరే చేయడం లేదు. నా ముందు పదకొండు బళ్ళు. సెక్యూరిటీ అతను ఇన్‌వాయిస్ చూసి "లైన్‌ల నిల్లుంగ" అని లోపలికి పోయాడు.

నిలబడ్డాను. పడుకుందామంటే కుదరదు. పావుగంటకో గంటకో ముందు బండి కదులుతుంది, నేను కదలకపోతే వెనకవాడు దూరతాడు. క్లీనర్ లేడు. ఇప్పుడు క్లీనర్‌కు జీతమిచ్చే స్తోమత చిన్న ఓనర్లకు ఎక్కడిది? కాలకృత్యాలకు పోవాలన్నా పక్క బండి డ్రైవర్‌ని బతిమాలి బండి అప్పగించి పోవాలి. మధ్యాహ్నానికి క్యాబిన్ రేకు పెనంలా కాలిపోయింది. మాది 2014 మోడల్, ఏసీ లేదు. ఉన్నా ఇంజిన్ ఆన్‌లో ఉంటేనే కదా పనిచేసేది. గేటు ముందు రోజంతా డీజిల్ కాల్చనిచ్చే ఓనర్ నాకింతవరకు తగల్లేదు.

మర్నాడు పదకొండు గంటలకు గేటు తీశారు. ముప్ఫై ఒక్క గంటలు. రిజిస్టర్‌లో సంతకం పెట్టమన్నారు. 'ఇన్ టైమ్' గడిలో వాళ్ళు రాసింది చూశాను: 11.05. క్రేన్ వచ్చి దించడానికి పట్టింది నలభై నిమిషాలు.

మాట ప్రకారం ఒక రోజు దాటితే హాల్టింగ్, అంటే బండిని ఆపినందుకు డబ్బు ఇవ్వాలి. మా వాళ్ళు అడిగితే "ఇన్ టైమ్ పదకొండు, అవుట్ టైమ్ పన్నెండు, ఇంకెక్కడి హాల్టింగ్?" అన్నారట. కాగితం వాళ్ళది, పెన్ను వాళ్ళది. నాకు ట్రిప్పుకు ఇంత అని బత్తా. ఆ ముప్ఫై ఒక్క గంటలకు పైసా రాలేదు.

బండి బయటికి తీశానో లేదో ఓనర్ గారి అబ్బాయి ఫోను. "అన్నా, సాయంత్రం గుమ్మిడిపూండిలో లోడు ఉంది, రేపటికల్లా విజయవాడలో దించాలి." అతన్నీ తప్పుపట్టను. ఐదో తారీకున ఫైనాన్స్ కిస్తీ. బండి ఒక రోజు ఊరికే నిలబడిపోయిందంటే ఆ రోజును ఇంకో రాత్రి నుంచి లాక్కోవాల్సిందే. ఆ రాత్రి నాది.

ఇక్కడ మా పని గురించి కొంచెం చెప్పాలి. కంటైనర్ బండికి తలుపేసి సీలు కొడితే సగం పని అయిపోయినట్టే. మాది అంతా బయటే. లోడు కింద చెక్క దిమ్మలు పెట్టి, పైన గొలుసులు వేసి బిగిస్తాం. ముప్ఫై నలభై కిలోమీటర్లు పోయేసరికి బరువుకు చెక్క అణుగుతుంది, కుదుపులకు లోడు సర్దుకుంటుంది, గొలుసు వదులవుతుంది. అప్పుడు ఎక్కడో ఒకచోట ఆపి, రాడ్‌తో ఒక్కో గొలుసునూ కొట్టి చూడాలి. బిగువుగా ఉంటే టంగుమని మోగుతుంది. వదులైతే చప్పుడు చచ్చిపోయి వస్తుంది. చీకట్లో టార్చి లేకపోయినా ఆ మోతను బట్టి చెప్పేయగలను. అది చూడకుండా పోతే ఏమవుతుంది? సడన్ బ్రేక్ వేసినప్పుడు టన్నుల కొద్దీ ఇనుము ముందుకు, అంటే నా వీపు మీదికి వస్తుంది. లేదంటే పక్కన పోయే మోటార్‌సైకిల్ మీద పడుతుంది.

ఆ రాత్రి యాంగిల్స్ కట్టలు వేసుకుని బయల్దేరాను. సూళ్లూరుపేట టోల్ దాటడం గుర్తుంది. తర్వాత వెంకటాచలం టోల్ దగ్గర వెనక బండివాడి హారన్‌కు ఉలిక్కిపడి చూడటం గుర్తుంది. మధ్యలో బూదనం టోల్ ఉంది. అది ఎలా దాటానో ఇప్పటికీ గుర్తు రావడం లేదు. లైన్‌లో ఆగాను, గేటు లేచింది, పోయాను, అన్నీ జరిగే ఉంటాయి. ఫాస్టాగ్ మెసేజ్ ఓనర్ ఫోనుకు వచ్చింది, అడిగి పంపించుకున్నాను. టైము 1.52. ఆ రాత్రి వెంకటాచలం దగ్గర దిగి రాడ్ తీసుకుని కొడితే నడిమి గొలుసు మోగలేదు. చేత్తో పట్టుకుంటే ఊగుతోంది.

రెండు రోజులు ఆ మెసేజ్ మళ్ళీ మళ్ళీ చూసుకున్నాను. నాకు తెలియని నా టైము మీ దగ్గర ఉంది. ఏ టోల్ ఎన్నింటికి దాటానో, చివరి టోల్ తర్వాత ఎన్ని గంటలు కదల్లేదో, మళ్ళీ ఎప్పుడు బయల్దేరానో అంతా కంప్యూటర్‌లో ఉంది. నా కళ్ళ ముందు కెమెరా పెట్టే ముందు ఆ లెక్క ఒకసారి తీసి చూడండి.

సరుకుకైతే మీరు టైము కట్టారు. సరుకు వెంట ఉండాల్సిన జీఎస్టీ కాగితం, ఈ-వే బిల్లుకు గడువు 200 కిలోమీటర్లకు ఒక రోజు, సైజు మించిన సరుకైతే 20 కిలోమీటర్లకు ఒక రోజు. బరువుకూ రేటు కట్టారు. 2019 సవరణ తర్వాత ఓవర్‌లోడుకు 20,000 రూపాయలు, ఆపైన టన్నుకు 2,000. మనిషిని గేటు ముందు నిలబెట్టినందుకు మాత్రం ఏ కాలమూ లేదు, ఏ రేటూ లేదు.

పనిగంటలు కార్మిక శాఖ సంగతి అంటారేమో. లాయరు దగ్గర గుమాస్తాగా ఉన్న మా బావమరిది మీ మోటారు వాహనాల చట్టమే తీసి 91వ సెక్షన్ చదివి వినిపించాడు. డ్రైవర్ పనిగంటలు 1961 నాటి మోటార్ ట్రాన్స్‌పోర్ట్ వర్కర్స్ చట్టం ప్రకారం ఉండాలని, ఆ గంటలు ముందే నిర్ణయించి రాసిపెట్టమని ఓనర్లకు ప్రభుత్వం చెప్పొచ్చని అందులో ఉంది. ఆ 1961 చట్టంలో రోజుకు ఎనిమిది గంటలు, వారానికి నలభై ఎనిమిది, ఐదు గంటల పని తర్వాత అరగంట విశ్రాంతి. వింటుంటే నాకు నవ్వొచ్చింది. ఎందుకంటే అది ఐదుగురు, అంతకు మించి పనిచేసే చోటికే వర్తించేది. మేం నలుగురం. దాని స్థానంలో 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక కోడ్‌లో ఆ అంకెను పది చేశారు. అంటే మా ఓనరు ఇంకో ఆరుగురిని పెట్టుకుంటే గానీ నేను నిద్రపోవడానికి అర్హుణ్ణి కాను. రోడ్డు మీద ఒకటి రెండు బళ్ళ ఓనర్లు ఎంతమందో మీకు నేను చెప్పాలా?

నేను అడిగేది పెద్దదేమీ కాదు. బండి గేటు ముందుకు వచ్చిన టైము లోపలివాళ్ళ పెన్ను మీద ఆధారపడకూడదు. ఈ-వే బిల్లులోనే 'బండి చేరింది' అని డ్రైవర్ ఫోను నుంచి నొక్కే వీలు పెట్టండి. అక్కడి నుంచి ఇన్ని గంటలు దాటితే హాల్టింగ్ సరుకు తీసుకునేవాడు ఇవ్వాల్సిందేననీ, అందులో ఇంత డ్రైవర్‌దనీ రాయండి. డబ్బు పడుతుందంటే క్రేన్ దానంతటదే తొందరగా వస్తుంది. ఆ బిల్లు ఆర్థిక శాఖ కింద ఉంటుందని తెలుసు, మీరూ మీరూ మాట్లాడుకోండి. పనిగంటల లెక్కలో ఆ ఎదురుచూపునూ కలపండి, ఒక్క బండి ఉన్న ఓనర్‌కూ అది వర్తించాలి.

ఇదంతా నిజమో కాదో అనుకుంటే మీ ఆఫీసు నుంచి ఒకరిని పంపండి. మణలి వైపైనా సరే, శ్రీపెరుంబుదూరు వైపైనా సరే, నా క్యాబిన్‌లో ఒక రాత్రి కూర్చోబెడతాను. టీ ఖర్చు నాదే. దోమల కాయిల్ మాత్రం ఆయన్నే తెచ్చుకోమనండి, నా దగ్గరున్న కాయిల్స్ వేరే రకం.

ఇట్లు,
ఒక ట్రైలర్ డ్రైవర్,
మాధవరం, చెన్నై.