ఇంజను వెనుక రీఫర్

ప్రియ మిత్రమా,

నీ మోడల్ రైల్వే లేఅవుట్ (చిన్న నమూనా రైళ్ళు నడిపే ఏర్పాటు) మీద పాసింజరు రైళ్ళకు స్టేషనులో ఆగడం, మళ్ళీ బయలుదేరడం తప్ప మరో పనే లేకుండా పోయిందని రాశావు. ఆ కొరత తీరాలంటే ఇంజను వెనుక ఒక ఎక్స్‌ప్రెస్ రీఫర్‌ను, అంటే సరుకును ఐసుతో చల్లగా ఉంచే పెట్టెను, తగిలించి చూడు. ఇల్లినాయ్ సెంట్రల్ అనే అమెరికా రైల్వే నమూనాగా నేను కట్టిన లేఅవుట్‌కు ప్రాణం పోసింది ఆ పెట్టే.

నేను ఎంచుకున్నది 1950 ప్రాంతపు అమెరికా. ఆ రోజుల్లో స్ట్రాబెర్రీలు, చెర్రీలు, చేపలు, కోసిన పూలు వంటి నిలవ ఉండని సరుకును గూడ్సు బండికి వదిలిపెట్టకుండా పాసింజరు రైలు వేగంతో పంపేవారు. ఆ రవాణాను 1929లో ఏర్పడిన రైల్వే ఎక్స్‌ప్రెస్ ఏజెన్సీ నడిపేది. మన ఎక్స్‌ప్రెస్ రైళ్ళకు తగిలించే పార్శిల్ వ్యాను నీకు తెలుసు కదా, దాని రెండు చివరలా ఐసు గదులు కట్టి, పైకప్పు మీద మూతలు అమర్చినట్లు ఊహించుకో. ఒక్కొక్కటి సుమారు 136 కిలోల బరువుండే ఐసు దిమ్మలను పగలగొట్టి, ఆ మూతల్లోంచి లోపలికి దింపేవారు.

అసలు విశేషం పెట్టె అడుగున ఉంటుంది. బోగీలను వెచ్చగా ఉంచే ఆవిరి ఇంజను నుండి గొట్టాల ద్వారా వెనక్కి ప్రవహించేది కనుక, మధ్యలో వచ్చే రీఫర్‌కూ ఆ గొట్టం ఉండి తీరాలి. లేకపోతే వెనుక ప్రయాణికులందరూ చలికి వణకాల్సిందే. గూడ్సు రీఫర్‌ను ఆకుపచ్చ రంగు వేసి పాసింజరు రైలుకు తగిలించే వాళ్ళను చూస్తే నాకు బాధ కలిగేది అందుకే. వేగానికి తగిన చక్రాలు, బ్రేకులు కూడా దానికి ఉండవు.

లూసియానాలోని హేమండ్ స్ట్రాబెర్రీలకు పేరుపొందిన ఊరు. అక్కడి నుండి షికాగో దాదాపు 1400 కిలోమీటర్లు. నా లేఅవుట్‌లో పండ్ల షెడ్డు దగ్గర నిండిన రీఫర్‌ను షంటింగ్ ఇంజను ముందే సిద్ధంగా ఉంచుతుంది. మెయిలు బండి రాగానే దాని ఇంజనును విడదీసి, రీఫర్‌ను బోగీల ముందు చేర్చి, బ్రేకు పరీక్ష పూర్తిచేసి, టైమ్‌టేబుల్ ప్రకారం పంపాలి. గూడ్సు షంటింగ్‌లో లేని ఆత్రుత ఇందులో ఉంది, ఎందుకంటే వెనుక బోగీల్లో మనుషులు ఎదురుచూస్తున్నారు. ఐసు నింపడంలో పేరున్న కెంటకీలోని ఫుల్టన్‌లో మళ్ళీ కాసేపు ఆపుతాను. పనామా లిమిటెడ్ వంటి విలాసవంతమైన రైలుకు మాత్రం ఈ పెట్టెను తగిలించను; దానికి తగిన బండి మెయిలు బండే. పండ్ల కాలం ముగిశాక అదే పెట్టెలో ఐసు లేకుండా మామూలు పార్శిళ్ళు, టపా పంపేవారు కనుక, ఏడాది పొడవునా దానికి పని ఉంటుంది.

ఒక్క జాగ్రత్త తప్పనిసరి. హెచ్‌ఓ కొలతలో (అసలు సైజులో సుమారు 87వ వంతు) యాభై అడుగుల పెట్టె సుమారు 17.5 సెంటీమీటర్లు వస్తుంది. వెనుక బోగీల లాగుడంతా దీని మీదే పడుతుంది కాబట్టి, తేలికగా ఉంటే వంపులో లోపలి వైపుకు ఒరిగి పట్టాలు తప్పుతుంది. బరువు 125 గ్రాములకు తగ్గకుండా చూసుకో, లోహపు చక్రాలు వెయ్యి.

నీ ప్లాట్‌ఫారం పక్కన మరో లైనుకు చోటుందేమో కొలిచి రాయి. అర మీటరున్నా రెండు పెట్టెలు పడతాయి.

నీ
మిత్రుడు