బీపీ మిషనూ, మీ తోట పైపూ

ఒరేయ్ శీనూ,

ఫోన్ చేసినప్పుడల్లా "ఇంజెక్షన్ల చదువు ఎలా ఉందిరా" అని ఒక్క ముక్క అడిగి క్రికెట్‌లోకి వెళ్లిపోతావు. అందుకే ఈసారి ఉత్తరం రాస్తున్నా. మధ్యలో కట్ చెయ్యలేవుగా.

బీఎస్సీ నర్సింగ్‌లో చేరి నాలుగు నెలలైంది. ఒంట్లో ఎముకలు 206 అని మొదటి వారమే బట్టీ పట్టించారు. ఇప్పుడు వాటి పేర్లు నిద్రలో కూడా కలవరిస్తున్నానట, ఆ సంగతి వదిలెయ్. నీకు చెప్పాలనుకున్నది బీపీ గురించి.

మొదటి ప్రాక్టికల్ రోజే నా పరువు పోయింది. ఇద్దరిద్దరిని కూర్చోబెట్టి ఒకరికొకరు బీపీ చూసుకోమన్నారు. మా ల్యాబులో ఇంకా పాదరసం పెట్టెలే. పక్కవాడి చేతికి కఫ్, అదే గాలి నింపే పట్టీ, చుట్టా, బల్బు నొక్కా, మోచేతి మడత దగ్గర స్టెతస్కోపు పెట్టా. ఒక్క చప్పుడూ లేదు. మళ్లీ కొట్టా. ఊహూ. వాడేమో చెయ్యి తిమ్మిరెక్కిందని గోల. ఇక చేసేదేముంది, రికార్డులో 120/80 అని రాసేశా. మేడమ్ పుస్తకాలన్నీ తిరగేసి, "ఏమయ్యా, క్లాసు మొత్తానికీ 120/80 ఏనా? మీ అందరి బొమ్మలూ టెక్స్ట్‌బుక్కులో వేయించాలి" అంది. నేనొక్కణ్ణే కాదన్నమాట! తీరా చూస్తే స్టెతస్కోపు తలకి రెండు వైపులుంటాయి, ఒకసారికి ఒకవైపే పనిచేస్తుంది. నేను మూసి ఉన్న వైపు పెట్టుకుని వింటున్నా.

మేడమ్ తిప్పి ఇచ్చాక వినపడింది. టక్, టక్, టక్. "గుండె చప్పుడు మేడమ్!" అని అరిచా. "గుండెది కాదు" అంది.

అక్కడే నా బుర్ర తిరిగింది. గుండె లబ్ డబ్ అనేది దాని కవాటాలు మూసుకునేటప్పుడు. చేతి దగ్గర వినిపించేది వేరు. చిన్నప్పుడు మీ తోటలో మోటారు పైపు మీద కాలేసి తొక్కేవాళ్లం, గుర్తుందా? నీళ్లు మామూలుగా పోతున్నంతసేపూ పైపు గమ్మునుండేది. కాలితో నొక్కి సందు చిన్నది చేస్తే బుస్సుమనేది. మీ నాన్న కర్ర తీసుకుని వచ్చేవాడు. అచ్చం అదే. కఫ్‌ని బాగా బిగిస్తే ధమని పూర్తిగా మూసుకుంటుంది, నిశ్శబ్దం. గాలి మెల్లగా వదులుతుంటే ఒక దగ్గర రక్తం కఫ్‌ని తోసుకుని, గుండె కొట్టుకున్నప్పుడల్లా కొంచెం కొంచెంగా దూరిపోతుంది. ఆ మొదటి టక్ దగ్గర పాదరసం ఎక్కడుందో అదే పై అంకె. ఇంకా వదిలితే ధమని పూర్తిగా తెరుచుకుని, రక్తం మళ్లీ సాఫీగా పోతుంది, చప్పుడు ఆగిపోతుంది. అది కింద అంకె. పైన నిశ్శబ్దం, కింద నిశ్శబ్దం, మనకి కావలసిందంతా మధ్యలో ఉంది.

ఇది కనిపెట్టింది కొరొట్కోవ్ అనే రష్యా డాక్టరు, 1905లో. ఒక పేజీ కూడా నిండని వ్యాసం రాశాడట. మన రికార్డులు చూస్తే ఏమనేవాడో! అంతకు తొమ్మిదేళ్ల ముందు, 1896లో, రివా రోచి అనే ఇటలీ డాక్టరు చేతికి కట్టే పట్టీ చేశాడు గానీ, నాడి పట్టుకుని చూసేవాడు కాబట్టి ఆయనకి పై అంకె ఒక్కటే తెలిసేది. వీళ్లందరికంటే నాకు నచ్చినవాడు హేల్స్. ఇంగ్లండులో చర్చి ఫాదర్. గుర్రం ధమనిలోకి గాజు గొట్టం పెట్టి, రక్తం ఎంత ఎత్తు లేస్తుందో చూశాడు. ఎనిమిది అడుగులు దాటింది! 1733లో అచ్చువేశాడు. గుర్రాన్ని తలుచుకుంటే మాత్రం పాపం అనిపిస్తుంది. పాదరసం రక్తం కంటే సుమారు పదమూడు రెట్లు బరువు కాబట్టి సరిపోయింది గానీ, లేకపోతే బీపీ చూడ్డానికి నిచ్చెన కావాల్సొచ్చేది.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, మొన్న పిన్ని ఫోన్ చేసింది. బాబాయ్ మందుల షాపులో నిలబడే బీపీ చూపించుకుని వస్తున్నాడట, చెయ్యి కిందికి వేలాడేసి. గుండె కంటే చెయ్యి పది సెంటీమీటర్లు కిందికుంటే చాలు, ఏడెనిమిది పాయింట్లు ఎక్కువ చూపిస్తుంది. ఆ రక్తం బరువే అంత, హేల్స్ గొట్టంలో లాగే. అది ఒక తప్పు. రెండోది పెద్దది. తల తిరిగిన రోజే మాత్ర వేసుకుంటున్నాడట. బీపీ ఎక్కువున్నవాళ్లలో చాలామందికి ఏ బాధా తెలియదురా. తెలియకుండానే గుండెనీ, కిడ్నీలనీ, మెదడునీ దెబ్బతీస్తుంది. డాక్టరు రోజూ వేసుకోమంటే రోజూ వేసుకోవాలి, మానాలన్నా డాక్టరునే అడగాలి. నువ్వు చెబితే వింటాడు, నేను ఇంకా ఆయనకి పైపు తొక్కే పిల్లాణ్ణే.

సంక్రాంతికి మిషన్ తెస్తున్నా. అరగంట ముందు నుంచీ టీ ఇవ్వొద్దని పిన్నికి చెప్పు, చుట్ట కూడా వద్దు. కోడిపందేల నుంచి వచ్చీరాగానే చూడను. ఓడినా గెలిచినా, కుర్చీలో వెనక్కి ఆనుకుని, చెయ్యి బల్ల మీద పెట్టి, ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోవాలి. బాబాయ్‌ని ఐదు నిమిషాలు మాట్లాడకుండా ఉంచే బాధ్యత మాత్రం నీదే.

నీ
పవన్