కాంతి పైనుంచి పడాలిరా శీనూ

ఒరేయ్ శీనూ,

నువ్వు పంపిన ఫోటోలన్నీ చూశాను, ఒక్కోటీ పెద్దది చేసి మరీ చూశాను. ట్యాంక్ భలే సర్దావురా, ఆ మొక్కలు, ఆ చెక్క దుంగ, చేపల ఎంపిక అన్నీ కుదిరాయి. "ఎదురుగా చూస్తే మెరిసిపోతున్నాయి, ఫోన్‌లో మాత్రం వెలిసిపోయినట్టు వస్తున్నాయి, మంచి కెమెరా కొనాలా" అని అడిగావు కదా, దాని గురించే రాస్తున్నా, కొంచెం పొడుగవుద్ది, తీరిగ్గా కూర్చుని చదువు. కెమెరా ఇప్పుడే అక్కర్లేదు. ముందు లైటు ఎక్కణ్ణుంచి వస్తుందో చూడు.

మనిద్దరం కైకలూరు చెరువు గట్ల మీద పెరిగినోళ్ళమే. గట్టు మీంచి చూస్తే బొచ్చె అయినా శీలావతి అయినా నల్లటి వీపులే కనబడేవి, అదే చేప వలలోకొచ్చి పక్కకి తిరిగిందంటే ఒళ్ళంతా తళతళ, పొట్ట ఇంకా తెల్లగా. అప్పుడు మనం పట్టించుకోలేదు గానీ దాని వెనక పెద్ద లెక్కే ఉందిరా. నీళ్ళలోకి వెలుతురు పైనుంచే వస్తుంది, వీపు మీద ఎక్కువ పడుద్ది, పొట్ట కిందకి తక్కువ చేరుద్ది, కాబట్టి వీపు ముదురుగానూ పొట్ట లేతగానూ ఉంటే రెండూ సరిపోయి పక్కనుంచి చూసేవాటికి చేప నీళ్ళలో కలిసిపోద్ది. ఇక పక్కల మీద ఉండే ఆ మెరుపు గ్వానిన్ అనే పదార్థం వల్ల వస్తుంది, చర్మంలో అది సన్నటి స్ఫటికాల రేకులుగా ఒకదాని వెనక ఒకటి పేర్చి ఉంటుంది, పడిన కాంతిని అద్దంలాగే తిప్పికొడుతుంది. అంటే చేప ఒళ్ళంతా పైనుంచి పడే వెలుతురుకి తగ్గట్టు తయారైందన్నమాట. మనం ఎదురుగా నిలబడి ఫోన్ ఫ్లాష్ కొడితే ఏమవుద్ది? అసలే తెల్లగా ఉన్న పొట్ట ఇంకా తెల్లగా కాలిపోద్ది, పక్కన ఉన్న స్ఫటికాలు ఆ ఫ్లాష్‌ని నేరుగా లెన్స్‌లోకే కొడతాయి, ముందున్న గాజు మీద ఇంకో తెల్ల మచ్చ. నువ్వు పంపినవాటిలో సగం ఫోటోల జబ్బు ఇదే.

కాబట్టి ఫ్లాష్ ఆపెయ్, ఇక దాని జోలికి పోకు. ట్యాంక్ మీద మామూలుగా ఉండే లైటుకి తోడు ఇంకో లైటు పైన గాజు మూత మీద పెట్టు, ఇంట్లో కరెంటు పోతే వాడే ఛార్జింగ్ లైటు ఉంటుంది చూడు, అది సరిగ్గా సరిపోద్ది, బ్యాటరీది కాబట్టి నీళ్ళ దగ్గర భయం ఉండదు. వైరున్న టేబుల్ ల్యాంపుని మాత్రం ట్యాంక్ మీద బ్యాలెన్స్ చేసి పెట్టొద్దు, ఇంట్లో పిల్లాడున్నాడు. లైటుని సరిగ్గా నడినెత్తిన పెట్టేకంటే కాస్త నీ వైపు, అంటే ముందు గాజు వైపు జరిపితే కళ్ళూ మొహమూ బాగా వెలుగుతాయి. లైటుకీ మూతకీ మధ్య ఒక తెల్ల ట్రేసింగ్ పేపర్ వేస్తే పొలుసుల మీద చుక్కలు చుక్కలుగా మెరుపులు రాకుండా మెత్తగా పడుద్ది. నేనైతే కెమెరాకి విడిగా ఫ్లాష్ కొనుక్కుని దాన్ని కూడా ఇలా మూత మీదే, కిందకి చూసేట్టు పెట్టి రిమోట్ ట్రిగ్గర్‌తో కొడతా, అలా చేస్తే లెన్స్ లోపలి కంతని ఎఫ్ 11 దాకా చిన్నది చేసుకోవచ్చు, చేప మూతి నుంచి తోక దాకా షార్ప్‌గా వస్తుంది. కానీ నీకు ఇప్పుడే ఆ ఖర్చు ఎందుకు, ఫోన్‌తోనే చాలా దూరం పోవచ్చు.

ఇక గాజు. గదిలో ట్యూబ్‌లైట్, టీవీ ఆపెయ్, కిటికీ తెర మూసెయ్, నువ్వు ముదురు రంగు చొక్కా వేసుకో, నీ నాలుగో ఫోటోలో ఏంజెల్ చేప మీద నీ తెల్ల బనీను స్పష్టంగా కనబడుతుంది. ఫోన్‌ని గాజుకి ఆనించి పట్టుకో, లేదా ఒక నల్ల చార్టు ముక్కకి లెన్స్ పట్టేంత చిల్లు పెట్టి దాంట్లోంచి తియ్యి. గాజుకి నేరుగా ఉండాలి, ఏటవాలుగా తీస్తే నీళ్ళూ గాజూ కాంతిని వంచేస్తాయి, ఎరుపు ఒక కొలతలో నీలం ఇంకో కొలతలో వంగుతాయి కాబట్టి చేప అంచుల చుట్టూ రంగు గీతలొచ్చి మసకబారుద్ది. చాలామంది ఫోకస్ పోయింది అనుకునేది చాలాసార్లు ఇదే. ప్రతిబింబాలు తగ్గిస్తుందని పోలరైజర్ ఫిల్టర్ కొనమని ఎవరన్నా చెప్పినా కొనకు, నేరుగా నిలబడి తీసేటప్పుడు అది ప్రతిబింబాన్ని ఏమీ చెయ్యలేదు, ఉన్న వెలుతురులో సగానికి పైగా తినేస్తుంది.

గాజు తుడవడం ముందు రోజే చేసుకో. విజయవాడలో మీ అపార్ట్‌మెంట్ బోరు నీళ్ళకి పైన అంచు దగ్గర తెల్ల చార కట్టింది చూశాను, దాన్ని గుడ్డ మీద కొంచెం వెనిగర్ వేసుకుని తుడిస్తే పోద్ది. గాజు తుడిచే స్ప్రేలు మాత్రం ట్యాంక్ దగ్గర కొట్టొద్దు, వాటిల్లో చాలావాటికి అమోనియా ఉంటుంది, చేపలకి విషం. నీళ్ళు మార్చిన వెంటనే కూడా తియ్యకు, లోపల గాజుకి, ఆకులకి సన్న బుడగలు పట్టి ఉంటాయి. తీసే ముందు ఫిల్టరూ ఎయిర్ పంపూ ఒక పావుగంట ఆపితే నీళ్ళలో తేలే నలకలు కిందకి దిగుతాయి, అయిపోగానే మళ్ళీ వెయ్యడం మర్చిపోవద్దు. మేత వెయ్యడం ఫోటోలు తీశాకే.

వెనక అతికించిన ఆ నీలం పగడాల పోస్టర్ పీకెయ్‌రా. అమెజాన్ నది చేపల వెనక సముద్రపు పగడాలు ఏంటి అసలు, చేప మీద కన్ను నిలవకుండా చేస్తుంది. నల్ల చార్టు పెట్టి చూడు, ఆ చిన్న టెట్రా చేపల రంగు ఎంత పైకొస్తుందో నువ్వే నమ్మవు.

ఫోన్ సెట్టింగులు త్వరగా చెప్పేస్తా. నైట్ మోడ్ తీసెయ్, అది చాలా ఫ్రేములు కలిపి ఒక ఫోటో చేస్తుంది, ఈలోగా చేప కదిలిపోయి సాగిపోద్ది. ప్రో మోడ్‌లో షట్టర్ వేగం ఏంజెల్‌కి సెకనులో 1/125 వంతు, టెట్రాలకి 1/250 పెట్టు, ఐఎస్ఓ, అంటే వెలుతురుని పట్టే శక్తి, 1600 దాకా పోయినా భయపడకు, గింజలు గింజలుగా వచ్చినా ఫర్వాలేదు గానీ కదిలిపోయిన కన్ను పనికిరాదు. ఫోటోలో అడ్డంగా నల్ల చారలొస్తే అది ఎల్ఈడీ మిణుకు, మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి చాలా లైట్ల కింద 1/100కి తెస్తే పోతాయి. చేప వెనక ఫోన్ తిప్పుకుంటూ పరిగెత్తొద్దు. చేపలకి దారులుంటాయి, కాసేపు ఊరికే కూర్చుని చూస్తే తెలుస్తుంది, దుంగ చుట్టూ తిరిగి ఎక్కడ మలుపు తీసుకుంటుందో అక్కడ ముందే ఫోకస్ లాక్ చేసి పెట్టుకో, వచ్చినప్పుడు బరస్ట్ కొట్టు, అంటే వరసపెట్టి ఫోటోలు తీసెయ్. కన్ను షార్ప్‌గా ఉండాలి, రెక్కలు విప్పి ఉండాలి. ఈ రెండూ లేని ఫోటో నేను దాచుకోను.

నియాన్ టెట్రా సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. దాని ఎర్ర చార రంగు పదార్థం వల్ల వచ్చేది, కానీ ఆ నీలం చారలో నీలం రంగంటూ ఏమీ లేదు, అది కూడా గ్వానిన్ రేకుల పనే. రేకుల మధ్య ఎడాన్ని బట్టి ఏ రంగు తిరిగొస్తుందో తేలుద్ది, చూసే కోణం మారితే నీలం కాస్తా పచ్చవైపు జరుగుద్ది. రాత్రి చీకట్లో ఉంటే ఆ చార కాంతి తగ్గి ఊదాగా మారిపోద్ది. అందుకే పొద్దున్నే లైటు వెయ్యగానే తీసిన నీ ఫోటోల్లో అవి అంత నీరసంగా ఉన్నాయి. లైటేసి ఓ అరగంట ఆగి, పైనుంచి పడే లైటుతో, కంటి ఎత్తులో కూర్చుని తియ్యి.

ఫైటర్ చేపకి చేతి అద్దం చూపించు. ఇంకో మగ చేప వచ్చిందనుకుని మొప్పల మూతలు రెండూ చెంపల పక్కకి విప్పుతుంది, కింద నల్లటి పొర గడ్డంలా దిగుతుంది, తోక పూర్తిగా తెరుచుకుంటుంది, ఆ ఎర్ర తోకలో ఒక్కో ముల్లూ చివర ఎలా చీలుతుందో అప్పుడే కనబడుద్ది. నిమిషం, రెండు నిమిషాలు చాలు, ఎక్కువసేపు పెడితే దానికి ఒత్తిడి. ఇంకోటి, అది గాలి పీల్చడానికి మన కొర్రమీనులాగే పైకొస్తుంది కదా, నీటి అంచు దగ్గర కాపు కాసి ఆ గుటక పట్టుకో, కింద నుంచి చూస్తే నీటి పొర అద్దమైపోయి రెండు చేపలు మూతులు కలిపినట్టు వస్తుంది.

ఇక్కడ అట్లాంటాలో నేను తీసేవి ఎలా వస్తున్నాయి అన్నావు. జార్జియా అక్వేరియం వార్షిక పాస్ ఉంది కాబట్టి జనం లేని వారం మధ్య సాయంత్రాలు చూసుకుని వెళ్తా. 2005లో తెరిచారు దాన్ని, ఓషన్ వాయేజర్ అని 63 లక్షల గ్యాలన్ల ట్యాంకు, ముందున్న పెద్ద కిటికీ 61 అడుగుల వెడల్పు, 23 అడుగుల ఎత్తు, ఆ యాక్రిలిక్ మందమే 2 అడుగులు. ఇంట్లో ఏటవాలుగా తీస్తే కాస్త చెడిపోయేది అక్కడ పూర్తిగా చెడిపోద్ది, అందుకే నాకు కావాల్సిన చేప నా ఎదురుకి వచ్చేదాకా కూర్చుంటా. ఫ్లాష్ అక్కడ పనికి రాదు, నీళ్ళలో తేలే నలకలన్నీ వెలిగి మంచు కురిసినట్టు అవుద్ది, పైగా మన ముందు వెనక ఉన్నవాళ్ళకీ చేపలకీ ఇబ్బంది, చాలా అక్వేరియాల్లో వద్దని బోర్డులే ఉంటాయి. చేపలకి కనురెప్పలుండవురా, మూసుకోవడానికి. అక్కడ కూడా పైకప్పు నుంచి పడే వెలుతురే ఆధారం. 24 ఎంఎం లెన్స్ ఎఫ్ 2.8, ఐఎస్ఓ 3200, 1/125, తర్వాత రంగులు దిద్దుకోవడానికి వీలుండే రా ఫార్మాట్. లోతు నీళ్ళలో ఎరుపు ముందు పోయి అంతా నీలంగా మిగులుద్ది, ఆ నీలాన్ని తర్వాత కొంచెమే తగ్గిస్తా, మొత్తం తీసేస్తే నీళ్ళే లేనట్టుంటుంది.

ఆ ట్యాంకులో వేల్ షార్క్, అదే చేపలన్నిట్లోకీ పెద్దది, వచ్చేటప్పుడు మాత్రం నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుందిరా. ముందు మూలన ఒక నీడ, తర్వాత ఆ వెడల్పాటి మూతి, ఆ తర్వాత తెల్లటి చుక్కలు, వరస వరసలుగా, ఎంతకీ అయిపోకుండా. ఆ చుక్కలు ఏ రెండు చేపలకీ ఒకేలా ఉండవు. మొప్పల వెనక ఎడమ పక్క చుక్కల ఫోటోతో ఒక్కో చేపనీ గుర్తుపడతారు, అందుకు వాడే పద్ధతి ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలుసా, ఖగోళ శాస్త్రవేత్తలు ఆకాశం ఫోటోల్లో నక్షత్రాలని పోల్చుకోవడానికి 1986లో రాసిన లెక్క నుంచి. 2005లో దాన్ని వేల్ షార్కులకి వాడారు. 2021 డిసెంబర్‌లో మన విశాఖ దగ్గర తంతడి ఒడ్డుకి ఒకటి కొట్టుకొస్తే అటవీశాఖ వాళ్ళూ జాలర్లూ కలిసి మళ్ళీ సముద్రంలోకి పంపించారు గుర్తుందా, దాని ఫోటోలు కూడా గుర్తుపట్టడం కోసం మాల్దీవుల్లో పనిచేసే పరిశోధకులకి పంపారు. అది చదివినప్పటి నుంచీ నేను ఎడమ పక్క చుక్కలు స్పష్టంగా రావాలని ప్రత్యేకంగా తీస్తున్నా, ఎంత మంచి కోణం దొరికినా సరే ఆ ఒక్కటీ తీశాకే మిగతావి. ఫోటో అందంగా ఉండటం ఒక ఎత్తు, అది ఏ చేపో గుర్తుపట్టి చెప్పగలగడం ఇంకో ఎత్తు.

సంక్రాంతికి దుబాయ్ మీ అక్కావాళ్ళింటికి వెళ్తున్నావు కాబట్టి అక్కడ మాల్‌లో ఉన్న అక్వేరియం ఎలాగూ చూస్తావు. దాని గాజు దాదాపు 33 మీటర్ల వెడల్పు, 8.3 మీటర్ల ఎత్తు. మాల్ కారిడార్‌లోంచే కనబడుద్ది గానీ షాపుల లైట్లన్నీ గాజులో పడతాయి, ఫోన్ గాజుకి ఆనించక తప్పదు. గాజు దగ్గర నిలబడిన మనుషుల్ని నీడల్లా పెట్టి తీస్తే కూడా చాలా బాగుంటాయి, అక్క పిల్లల్ని నిలబెట్టు. ట్యాంకు లోపల్నుంచి నడిచి వెళ్ళే గాజు సొరంగంలో మాత్రం పక్కలకి తియ్యకు, వంపు వల్ల చేపలు సాగుతాయి, నెత్తి మీంచి వెళ్ళేవాటినే తియ్యి.

ఇంట్లో వారానికోసారి ప్రతి చేపకీ రెండు పక్కలా ఒక్కో ఫోటో తీసి దాచరా. తెల్లమచ్చల రోగం మొదట్లో ఉప్పు రవ్వంత చుక్క, రెక్క మీద ఒకటో రెండో, కదిలే చేప మీద కంటికి ఆనదు, ఫోటో పెద్దది చేస్తే దొరికిపోద్ది.

ఆఖరిగా ఒక ముఖ్యమైన మాట. నీ ఆరో ఫోటోలో ముందున్న టెట్రాలు వదిలెయ్, వెనక కుడి పక్క ఆ అమెజాన్ స్వోర్డ్ మొక్క వెడల్పాటి ఆకు చూడు. ఏంజెల్స్ రెండూ ఒకే ఆకు మీద మూతులు పెట్టి ఉన్నాయి, మేత కోసం కాదది, ఆకు శుభ్రం చేస్తున్నాయి. పెద్దదానికి పొట్ట కింద చిన్న గొట్టం కూడా దిగినట్టు కనబడుతుంది. గుడ్లు పెట్టబోతున్నాయిరా! పెట్టాక రెండూ వంతులేసుకుని ముందు రెక్కలతో గుడ్లకి నీళ్ళు విసురుతాయి, రెండు మూడు రోజుల్లో పొదుగుతాయి. బెదిరితే గుడ్లు అవే తినేస్తాయి, కాబట్టి కొత్త లైటు, నల్ల చార్టు, పోస్టర్ పీకడం ఇవేవీ ఇప్పుడు పెట్టుకోకు, ఉన్న లైటు ఉన్నట్టే ఉంచి, మూడు అడుగుల వెనక నుంచి జూమ్ చేసి తియ్యి, బుజ్జిగాణ్ణి గాజు కొట్టొద్దని చెప్పు. అవి రెక్కలు విసిరే వీడియో ఒక్కటి నాకు కావాలి.

చెల్లెమ్మనీ అత్తయ్యగారినీ అడిగానని చెప్పు. గుడ్లు కనబడగానే టైం చూడకుండా ఫోన్ చెయ్, ఇక్కడ అర్ధరాత్రైనా ఎత్తుతా.

నీ
రాంబాబు