మంత్రి గారూ, ఈ బస్తాలు ఎక్కడ దించమంటారు?

కర్ణాటక అటవీ, పర్యావరణ శాఖ మంత్రి గారికి,

నమస్కారమండీ. నేను పుట్టింది మదనపల్లె, పదిహేనేళ్లుగా ఉంటున్నది బెంగళూరు కె.ఆర్. పురంలో. కన్నడలో రాసిన అర్జీ మీ ఆఫీసుకు విడిగా పంపాను. అదే సంగతి ఇక్కడ తెలుగులో ఎందుకు పెడుతున్నానంటే, మేం కావేరి ఒడ్డున ఎత్తిన చెత్తలో హిందూపురం బట్టల కొట్టు సంచి ఒకటి దొరికింది, తెలుగు అక్షరాలున్న పచ్చడి ప్యాకెట్లూ దొరికాయి. ఆ ఒడ్డు పాడవడంలో మనవాళ్ల వాటా తక్కువేం కాదు, వాళ్లూ చదవాలి.

మాదొక ఫోర్ బై ఫోర్ క్లబ్బు, అంటే ఇసుక, బురద, కొండ దారుల్లో పోయే జీపుల్లాంటి బండ్లవాళ్ల క్లబ్బు. పేరు చెప్పను, ప్రచారం కోసం రాశారంటారు. రెండు పాత జిప్సీలు, నాలుగు థార్‌లు, ఒక గూర్ఖా, నా జిమ్నీ. మాలాంటి వాళ్లంటే మీ శాఖకు మంచి అభిప్రాయం లేదని తెలుసు, ఉండాలని కూడా అనను. వానలు పడగానే సకలేశపుర వైపు పోయి గడ్డి కొండల మీద చక్రాలు తిప్పి రీల్స్ పెట్టేవాళ్లు, వాగు మధ్యలో బండి ఆపి కడిగేవాళ్లు మాలోనూ ఉన్నారు. వాళ్లకు జరిమానా వేయండి, బండి సీజ్ చేయండి, మేమెవరం అడ్డు రాం. ఈ ఉత్తరం వాళ్ల తరపున కాదు.

ఆమధ్య ఒక శని, ఆదివారాలు కావేరి ఒడ్డుకు చెత్త ఎత్తడానికి వెళ్లాం. ఊరి పేరు రాస్తే మాకు గేటు తీసిన గార్డుకు చీవాట్లు పడతాయి కాబట్టి రాయను. కనకపుర దాటి పోతే నది ఒడ్డున అలాంటి చోట్లు చాలానే ఉన్నాయి, ఆదివారం జనం మటన్, బీరు కట్టుకుని వచ్చి, వండుకుని తిని, స్నానాలు చేసి, విడిచిన బట్టలు కూడా అక్కడే వదిలేసి పోయే చోట్లు. అనుమతి కాగితం కోసం మూడుసార్లు తిరిగాం. ట్రెక్కింగ్‌కి పోతామంటే మీ అరణ్య విహార వెబ్‌సైటులో ఇంట్లో కూర్చుని టికెట్ తీసుకోవచ్చు గానీ, చెత్త ఎత్తుతామంటే మాత్రం ఎవరిని అడగాలో ఎవరికీ తెలియదు.

సరే, దొరికింది. గార్డు చూపించిన పాత జీపు దారి తప్ప పక్కకు చక్రం పెట్టలేదు. ఇసుకలోకి దిగేముందు టైర్లలో గాలి 18 పీఎస్‌ఐకి దించాలని అందరికీ చెప్పాం, ఒక థార్ కుర్రాడు వినకుండా హుషారుగా దూకించి ఇరుసు దాకా కూరుకుపోయాడు, వాణ్ని జిప్సీకి తాడు కట్టి బయటికి లాగేసరికి ముప్పావుగంట. అంతసేపూ బస్తాలు పట్టాల్సిన చేతులు పారలు పట్టాయి. (వాడికి ఆ రోజు డైపర్ల బస్తా ఇచ్చాం.)

చెత్త గురించి మీకు కొత్తగా చెప్పేదేముంటుంది అనుకున్నాను గానీ, కొన్ని చెప్పాలి. పగిలిన బీరు సీసా ఇసుకలో ఎలా ఉంటుందో తెలుసా అండీ? అడుగుభాగం కిందికి దిగిపోయి, విరిగిన అంచులు పైకి, గుండ్రంగా, కిరీటం పెట్టినట్టు. పైన వేలెడు మందాన ఇసుక. చెప్పు లేని కాలు పడేదాకా కనిపించదు. చేత్తో తీస్తే తెగుతుంది కాబట్టి చుట్టూ తవ్వి, ఒక్కోటీ చెంచాతో తీసినట్టు తీయాలి. ఇద్దరం కలిసి గంటలో ఒక తివాచీ అంత జాగా కూడా పూర్తి చేయలేకపోయాం. ఇంకా 90 మిల్లీ విస్కీ టెట్రా ప్యాకెట్లు, వెండి పూత పేపర్ ప్లేట్లు, అద్దం పగిలిన దేవుడి పటాలు, రాళ్ల మధ్య ఇరుక్కుని లాగితే రాని చీరలు. తడిసి ఇసుక పట్టిన చీరలు నాలుగు వేస్తే బస్తా ఇద్దరు మోయాలి.

ఒడ్డుకు కాస్త పైన, చెట్ల మొదట్లో ఎండిపోయిన ఏనుగు లద్దె కనిపించింది. మాతో వచ్చిన పదేళ్ల పాప పుల్లతో కదిపితే పీచు మధ్య ఏదో మెరిసింది. చిప్స్ ప్యాకెట్, మడతలు మడతలుగా, రంగు కూడా పోలేదు. పాప అది నాకిచ్చి, "అంకుల్, ఇది ఏ బస్తాలో వేయాలి?" అంది. పొడి చెత్తలో వేశాను. ఇంకెందులో వేస్తాం?

రాత్రి అడవి హద్దు బయట ఒక రైతు మామిడి తోటలో టెంట్లు వేసుకున్నాం. సంగటి, ఉలవచారు ఆయన ఇంటినుంచే వచ్చాయి. తిండి సామాన్లన్నీ బండ్లలో పెట్టి తాళం వేసుకోమన్నాడు. పన్నెండు దాటాక పక్క తోటలో టపాకాయలు పేలాయి, ఏనుగులట. తెల్లారేదాకా ఎవరికీ నిద్ర లేదు, అది వేరే కథ.

ఆదివారం మధ్యాహ్నానికి 38 బస్తాలు. అసలు కష్టం అప్పుడు మొదలైంది.

పంచాయతీకి స్వచ్ఛ సంకీర్ణ అని బోర్డున్న చెత్త షెడ్డు ఉంది, తాళం వేసుంది. ఫోన్ చేస్తే సోమవారం రమ్మన్నారు. పక్కింటి పెద్దావిడ బయటికి వచ్చి బస్తాల వంక చూసి, "నిమ్మ బెంగళూరు కస నమగ్యాకప్పా?" అంది. మీ బెంగళూరు చెత్త మాకెందుకయ్యా అని. తిరిగి మాట అనలేకపోయాను. 2014 చివర్లో బెంగళూరు చెత్త పోసే మండూరు డంపు మూసేదాకా ఆ చెత్త లారీలు మా కె.ఆర్. పురం మీదుగా పోతుంటే ముక్కు మూసుకున్నవాణ్ని, అక్కడివాళ్లు రోడ్డెక్కితే గానీ ఆ లారీలు ఆగలేదని తెలిసినవాణ్ని. ఆవిడ అన్నదాంట్లో తప్పేముంది?

దారిలో పాత సామాన్ల కొట్టతను మంచి సీసాలు, నీళ్ల బాటిళ్లు ఏరుకుని 13 బస్తాలు దించుకున్నాడు. మిగిలిన 25 బస్తాలు బండ్ల పైన కట్టుకుని కనకపుర రోడ్డులో వస్తుంటే పోలీసులు ఆపారు. ఏముందని అడిగితే చెత్త అన్నాం. నమ్మలేదు. ఒక బస్తా విప్పి చూపించాక త్వరగా పొమ్మన్నారు. అర్ధరాత్రి మా అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్‌లో దించాం, తెల్లారేసరికి గ్రూపులో నా ఫ్లాట్ నంబరు వేసి నలభై మెసేజ్‌లు. రెండు రోజులు సెలవు పెట్టి తిరిగితే ఒక డ్రై వేస్ట్ సెంటర్ 16 బస్తాలు తీసుకుంది. గుడ్డలు, పగిలిన గాజు వద్దంది.

కాబట్టి సార్, ఎత్తడం మేం చూసుకుంటాం. బెంగళూరులో మాలాంటి క్లబ్బులు చాలా ఉన్నాయి, మనుషులకూ బండ్లకూ కొదవ లేదు. ఎత్తింది దించుకునే చోటు మీరు చూపించాలి. మూడు నెలలకు ఒక ఆదివారం మీరే నిర్ణయించండి. ఆ రోజు సాయంత్రం గేటు దగ్గర ఒక ట్రాక్టర్, తూకం వేసి రసీదు ఇచ్చే మనిషి ఉంటే చాలు. షెడ్డులో పనిచేసే స్వసహాయ సంఘం ఆడవాళ్లకు ఆ రోజు కూలీ మేమే ఇస్తాం. అరణ్య విహారలోనే ఇంకో బటన్ పెట్టి, వచ్చే బండ్ల నంబర్లు ముందే తీసుకోండి. ఎవడైనా దారి తప్పి తొక్కితే పట్టుకోవడం మీకూ సులువు.

రెండోది మీ శాఖ పని కాదని తెలుసు, కేబినెట్‌లో పక్క కుర్చీలో ఉండే ఎక్సైజ్ మంత్రి గారికి చెప్పండి. తమిళనాడులో మద్రాసు హైకోర్టు చెప్పాక 2022లో నీలగిరిలో మొదలుపెట్టారు, మద్యం సీసాకు పది రూపాయలు ఎక్కువ తీసుకుని ఖాళీ సీసా తెస్తే తిరిగి ఇస్తారు. అక్కడ కొట్లు ప్రభుత్వానివి, ఇక్కడ చాలావరకు ప్రైవేటువి, నిజమే. కానీ మన దగ్గర కూడా సరుకంతా ప్రభుత్వ బేవరేజెస్ కార్పొరేషన్ చేతిమీదుగానే కదా కొట్లకు పోయేది. పది రూపాయలుంటే ఆ సీసాను ఇసుకలో పగలగొట్టరు, పగలగొట్టకుండా వదిలేసినా ఊళ్లో పిల్లలు ఏరుకుంటారు. టెట్రా ప్యాకెట్‌కి, చిప్స్ కవర్‌కి ఇది పనిచేయదు. వాటికి చెక్‌పోస్టే దిక్కు. తిరుమల వెళ్లేవాళ్లను అలిపిరిలో ఆపి ప్లాస్టిక్ బాటిల్ తీసేస్తే అందరూ నోరు మూసుకుని ఇస్తున్నారు, ఇక్కడా ఇస్తారు. మొదటి నెల గొడవ చేస్తారు, అంతే.

ఇంకా 9 బస్తాలు మా బేస్‌మెంట్‌లో, నా జిమ్నీ పక్కనే ఉన్నాయి. అపార్ట్‌మెంట్ సెక్రటరీ గారు నెలాఖరు దాకా గడువిచ్చారు. ఎక్కడికి తెమ్మంటారో చెబితే ఏ రోజైనా, ఏ వేళకైనా తెస్తాను. మీ ఆఫీసుకు తెమ్మన్నా సరే.

ఇట్లు,
ఒక జిమ్నీ ఓనరు,
కె.ఆర్. పురం, బెంగళూరు