విషయం: అడిగిన జాబితా ఇవ్వకుండానే మా టికెట్‌ను పదే పదే మూసేయడం గురించి

మేనేజింగ్ డైరెక్టర్ గారికి,

నమస్కారం. విజయవాడలో మేము నడుపుతున్న డయాగ్నోస్టిక్ సెంటర్‌లో బిల్లింగు, రిపోర్టులు అన్నీ మీ సాఫ్ట్‌వేర్ మీదే నడుస్తున్నాయి. మీ కంపెనీ ఒక్క గది ఆఫీసులో ఉన్న రోజుల నుంచి మీ కస్టమర్లం. ఏటా కట్టే మెయింటెనెన్స్ (ఏఎంసీ) డబ్బు ఏ ఏడాదీ ఆలస్యం చేయలేదు. ఊళ్లో ఇంకొన్ని ల్యాబుల వాళ్లకు మీ పేరు చెప్పింది కూడా మేమే. అలాంటి మేము ఒక్క ప్రశ్న అడిగితే మీ వాళ్లు తిప్పిన తీరు మీకు తెలియాలనే నేరుగా మీకు రాస్తున్నాను.

మాకు శాంపిళ్లు పంపే ఒక పెద్ద ఆసుపత్రి వాళ్లు, ఒప్పందం రెన్యూ చేసే ముందు మీ సాఫ్ట్‌వేర్‌లో ఏయే ఓపెన్ సోర్స్ లైబ్రరీలు (బయటివాళ్లు రాసి అందరికీ ఉచితంగా ఇచ్చే కోడ్), ఏ వెర్షన్లు ఉన్నాయో జాబితా తెమ్మన్నారు. ఎస్‌బామ్ అంటారు దాన్ని. ఈలోగా మా సిస్టమ్స్ చూసే కుర్రాడు సర్వర్‌లో మీ ఫోల్డర్ తెరిస్తే లాగ్‌ఫోర్‌జే 2.14.1 ఫైలు కనబడింది. సాఫ్ట్‌వేర్‌లో జరిగేవాటిని లాగ్ అనే చిట్టాలో రాసిపెట్టే లైబ్రరీ అది. 2021 డిసెంబరులో ప్రపంచమంతా గగ్గోలు పెట్టింది ఈ లైబ్రరీ గురించే. బయటివాడు పంపిన ఒక్క వరస లాగ్‌లో పడితే చాలు, సర్వర్ వాడి చేతికి చిక్కే లోపం అది. ఆ నెలలోనే 2.15 నుంచి 2.17.1 దాకా సవరణలు వచ్చాయి, అదీ ఉచితంగా. మా దగ్గర మాత్రం పాతదే ఉంది.

హెల్ప్‌లైన్‌లో అమ్మాయి అంతా విని, "బిల్లు ప్రింట్ అవుతోందా సార్?" అని అడిగింది. అవుతోందమ్మా అంటే "అయితే ప్రాబ్లం లేదు కదా సార్" అని టికెట్ నంబర్ ఇచ్చింది. తర్వాత ఇంకొకాయన రిమోట్‌లో స్క్రీన్ తీసుకుని, టెంప్ ఫైళ్లు తుడిచి, సర్వర్ రీస్టార్ట్ చేశాడు. పొద్దున్నే పరగడుపున రక్తం ఇవ్వడానికి వచ్చిన షుగర్ పేషెంట్లు, ముసలివాళ్లు అంతసేపూ కౌంటర్ ముందు నిలబడే ఉన్నారు. మా కుర్రాడు మౌస్ ఆ ఫైలు మీద పెట్టి చూపించినా ఆయన దాని జోలికే పోలేదు. సాయంత్రానికి మెసేజ్: మీ సమస్య పరిష్కారమైంది, మా సేవకు స్టార్లు ఇవ్వండి!

మెయిల్ రాస్తే, "అది ఓపెన్ సోర్స్ సార్, మేము రాసింది కాదు, అందరూ వాడేదే" అని జవాబు వచ్చింది. నాకు ఒళ్లు మండింది ఇక్కడే. రాసింది మీరు కాకపోవచ్చు. ఏరి తెచ్చి ప్యాకేజీలో పెట్టింది, డబ్బు తీసుకుంది మీరే కదా. కూర పాచిపోయిందంటే, కూరగాయలు మేము పండించలేదని హోటలువాడు అంటే మీరు ఊరుకుంటారా? దీనికి నేను పెద్ద ఉత్తరమే రాశాను. జవాబు రాకపోగా, "కస్టమర్ నుంచి స్పందన లేదు" అని టికెట్ మూసేశారు. ఆపైన మీ సేల్స్ మేనేజర్ ఫోన్ చేసి, డబ్బు కడితే కొత్త సెక్యూరిటీ మాడ్యూల్ ఇస్తామన్నారు. జాబితా సంగతి అడిగితే అది తమ డిపార్ట్‌మెంట్ కాదన్నారు.

2024 మార్చిలో ఎక్స్‌జెడ్ (లైనక్స్ సిస్టమ్స్‌లో ఫైళ్లను కుదించే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్) విషయంలో ఏం జరిగిందో మీ ఇంజనీర్లకు తెలిసే ఉంటుంది. జియా టాన్ అనే పేరుతో ఎవరో రెండేళ్లకు పైగా సాయం చేస్తున్నట్టే నటించి, నమ్మకం సంపాదించి, 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగదారి పెట్టారు. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు, లాగిన్‌కు అర సెకను ఎందుకు ఎక్కువ పడుతోందని తవ్వి దాన్ని బయటపెట్టాడు. ఎవరూ ఫిర్యాదు చేయకుండానే ఆయన అర సెకనును పట్టించుకున్నాడు. మేము ఫైలు పేరుతో సహా చూపించినా మీ దగ్గర తలెత్తి చూసినవాళ్లు లేరు. 2025 సెప్టెంబరులో ఒక దొంగ మెయిల్‌కు ఒక్క నిర్వాహకుడు మోసపోతే, జావాస్క్రిప్ట్ లైబ్రరీలు దొరికే ఎన్‌పీఎమ్‌లో చాక్, డీబగ్ లాంటి ప్యాకేజీల్లోకి క్రిప్టో సొమ్ము మళ్లించే కోడ్ వచ్చి చేరింది. మళ్లీ అలాంటిది జరిగితే అది మన సాఫ్ట్‌వేర్‌లో ఉందో లేదో జాబితా లేకుండా ఎలా చెప్తాం?

మా సర్వర్‌లో వేలమంది రిపోర్టులు, ఫోన్ నంబర్లు ఉన్నాయి. హెచ్ఐవీ పరీక్షల ఫలితాలు కూడా అందులోనే ఉన్నాయి. అవి బయటపడితే జనం వచ్చేది మా గుమ్మానికి, మీ హెల్ప్‌లైన్‌కు కాదు. ఇలాంటి సంఘటన తెలిసిన 6 గంటల్లో సైబర్ భద్రత చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్‌కు చెప్పాలని 2022 నుంచి నిబంధన ఉంది. ఏ లైబ్రరీ వల్ల జరిగిందని వాళ్లు అడిగితే, మీ టికెట్ నంబరు చూపించమంటారా?

విషయం తెలిసిన మనిషి ఎవరైనా నాతో మాట్లాడాలి, జాబితా పంపాలి, ఆ ఫైలు మార్చాలి. ఈ నెలాఖరులోగా ఇవి జరగకపోతే ఏఎంసీ కట్టను. ఈ ఉత్తరాన్నీ మీ మెయిళ్లనూ సెర్ట్-ఇన్‌కు పంపుతాను. నా మాట మీద మీ సాఫ్ట్‌వేర్ కొన్న ల్యాబుల వాళ్లకు కూడా నేనే ఫోన్ చేసి, వాళ్ల ఫోల్డర్లు తెరిచి చూసుకోమంటాను. జవాబు ఉత్తరంలో సంతకం పెట్టిన వ్యక్తి పేరు, ఫోన్ నంబరు ఉండాలి. ఇంకో టికెట్ నంబరు పంపకండి.

ఇట్లు,
నిర్వాహకుడు,
డయాగ్నోస్టిక్ సెంటర్, విజయవాడ