నవంబరులో తోపులాట, జనవరిలో దొంతరలు

ఎడిసన్, న్యూజెర్సీ
21 జనవరి 2007, ఆదివారం

ప్రియమైన మూర్తీ,

నీ రెండు ఉత్తరాలకూ కలిపి ఒక్క జవాబు రాస్తున్నాను, క్షమించు. దీపావళి నుంచి రేపు రాస్తాను, ఎల్లుండి రాస్తాను అనుకుంటూ ఉంటే సంక్రాంతి కూడా దాటిపోయింది. అందరం బాగున్నాం. ఉద్యోగం సాగుతోంది, చలి ముదిరింది, అమ్మ పంపిన గోంగూర పచ్చడి సీసా పగలకుండా చేరింది. కబుర్లకు ఇంతే చోటు. నిన్న చూసింది నీకు చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు.

బియ్యం కోసం వెళ్లి, పక్కనే ఉన్న ఎలక్ట్రానిక్స్ షాపులోకి తొంగి చూశాను. సోనీవాళ్ల కొత్త వీడియో ఆటల యంత్రం ప్లేస్టేషన్ 3 పెట్టెలు ఒకదాని మీద ఒకటి, దొంతరగా. లెక్కపెట్టాను, పదకొండు. ఎవరూ వాటి వంక చూడటం లేదు. మూర్తీ, నవంబరు 16 రాత్రి ఇదే షాపు గోడకు ఆనుకుని, దుప్పటి కప్పుకుని, నేనూ మా గదిలో ఉండే కుర్రవాడూ తెల్లారేదాకా నిలబడ్డాం! మర్నాడే అమెరికాలో దాని విడుదల. షాపుకు వచ్చినవి పద్దెనిమిది, వరసలో మనుషులు నలభై పైమాట. మా వంతు రాలేదు. కుర్రవాడు దారంతా మాట్లాడలేదు.

ఆ రాత్రంతా నాకు మన ఊళ్లో సినిమా మొదటి ఆట టికెట్ల వరసే గుర్తుకొచ్చింది. (నీ ఎడమ చెప్పు ఎక్కడికి పోయిందో నాకు ఇప్పటికీ తెలుసు, చెప్పను.) మా ముందున్న ఆయన ఒక్కసారి కూడా ఆటల మాట ఎత్తలేదు. పొద్దున్నే పెట్టె చేతికి రాగానే, కార్లు ఆపే చోటే, 600 డాలర్ల సరుకును 1500కు అమ్మేశాడు. వరసలో సగం మంది అలాంటివాళ్లే. బ్లాకు టికెట్లవాళ్లు! కావలసినవాళ్లు ఎంతమందో ఆ వరసను బట్టి ఎవరికి తెలుస్తుంది? సరుకు తక్కువ కావడానికీ కారణం ఉంది. ఈ యంత్రంలో వేసే బ్లూరే అనే కొత్తరకం సినిమా డిస్కును చదివే నీలి లేజరు డయోడ్లు కావలసినన్ని తయారు కాలేదు. అందుకే యూరప్ విడుదలను ఈ మార్చికి వాయిదా వేశారు. ఇప్పుడు ఇక్కడికి సరుకు వచ్చింది, బ్లాకువాళ్లు వెళ్లిపోయారు, దొంతర మిగిలింది. రెండో వారం హాలు గుర్తుందా?

ధర విను. 20 జీబీది 499 డాలర్లు, 60 జీబీది 599. మన డబ్బులో పెద్దది సుమారు 27 వేలు. మైక్రోసాఫ్ట్ ఆటల యంత్రం ఎక్స్‌బాక్స్ 360 ఏడాది ముందే వచ్చింది, దాని పెద్ద పెట్టే 399. నింటెండో కంపెనీ ఆటల యంత్రం ‘వీ’ (Wii) 250. కిందటి మేలో లాస్ ఏంజెలెస్ ప్రదర్శనలో సోనీ ఈ ధర ప్రకటించినప్పుడు గగ్గోలు పుట్టింది. దీని రూపకర్త కెన్ కుతరాగి మాత్రం బహుశా ఇది మరీ చవకేమో అన్నారు. నాకు కోపం వచ్చింది. తర్వాత ఐసప్లై అనే సంస్థ పెట్టె విప్పి, ఒక్కొక్క భాగానికీ వెల కట్టి, పెద్దదానికి 840 డాలర్లు అవుతుందని అంచనా చెప్పింది. అంటే 599కి అమ్మినా ఒక్కోదాని మీద 240 డాలర్ల నష్టం! లాంతరు నష్టానికి ఇచ్చి నూనెలో రాబట్టుకునే వ్యాపారం ఇది. ఆటల డిస్కులు అమ్ముడవుతుంటే వాటి మీద రావాలి డబ్బు. లాంతరే ఇంటికి చేరకపోతే నూనె ఎవరు కొంటారు?

కుతరాగి లెక్కను తీసిపారేయలేం. 2000లో ప్లేస్టేషన్ 2 వచ్చినప్పుడు 299 డాలర్లకు ఆటలతోపాటు డీవీడీ ప్లేయరూ దొరికింది. సినిమాల కోసమే కొన్నవాళ్లు ఎందరో. ఇప్పుడు విడిగా బ్లూరే ప్లేయరు కొనాలంటే కిందటి వేసవిలో వెయ్యి డాలర్లు. అది తెలిసినవాడికి 599 చవకే. కాని ఆ బొమ్మ తేడా కనపడాలంటే ఇంట్లో కొత్తరకం హెచ్‌డీ టీవీ ఉండాలి, ఆట కోసం వచ్చిన పిల్లవాడి ఇంట్లో అది లేదు. మైక్రోసాఫ్ట్ చేసింది చూడు, హెచ్‌డీ డీవీడీ (బ్లూరేకు పోటీ డిస్కు) పెట్టెను విడిగా 199కి పెట్టింది. కావలసినవాడు కొంటాడు, వద్దన్నవాడి నెత్తిన రుద్దలేదు.

పోనీ, ఇంత ఎందుకో ప్రకటనలోనైనా చెప్పారా? టీవీలో తెల్లటి గది, నల్లటి పెట్టె, ఎదురుగా ఒక పాప బొమ్మ. అది కళ్లు తెరుస్తుంది, నవ్వుతుంది, ఏడుస్తుంది. అయిపోయింది! నాలుగైదు సార్లు చూశాను. భయం వేసింది తప్ప కొనాలని అనిపించలేదు. వెయ్యి డాలర్ల బ్లూరే ప్లేయరు లోపల ఉందన్న ఒక్క మాట చెబితే ఎంత బాగుండేది! అంత మంచి యంత్రం, ఎంతమంది ఎన్నేళ్లు కష్టపడి చేసి ఉంటారో, అలా దుమ్ము పట్టి ఉండటం చూస్తే నాకు నిజంగా బాధ వేసింది.

నువ్వు అడిగిన ఎల్‌సీడీ టీవీల సంగతి అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను. నీ షాపుకు పది ఒకేసారి తెప్పించకు. బోస్ రోడ్డులో పండగనాడు షాపు ముందు మూగిన జనాన్ని గిరాకీ అనుకోవద్దు. ఒక్కటి తెప్పించి, కేబులు బొమ్మ కాకుండా మంచి డీవీడీ పెట్టి చూపించు. ముందు వాళ్లు కాసేపు చూడనీ, ధర చీటీ తర్వాత. అరటిగెల నాడు మనం చేసిన తప్పు మళ్లీ...

అన్నట్టు ఆ వీ సంగతి! అది ఇప్పటికీ షాపుల్లో దొరకడం లేదు. పక్కింటి తాతగారు దాన్ని చేత్తో పట్టుకుని బంతి విసిరినట్టు ఊపుతూ, సోఫా మీద ఉన్న వాళ్ల ఆవిడను... ఉండు, కింద కారు హారను మోగుతోంది. కుర్రవాడు ఆ పదకొండింట్లో ఒకటి చూసి వద్దామని మొదలుపెట్టాడు. మీ నాన్నగారి కంటి ఆపరేషన్ ఎలా జరిగిందో వెంటనే రాయి. చెల్లెమ్మకు

(కారులో రాస్తున్నాను) నమస్కారాలు చెప్పు. పిల్లలకు దీవెనలు.

నీ
రాంబాబు